స్మాష్ అల్టిమేట్‌లో పాత్రల ఆయుధాలను చేతికి అలవాటు చేసుకోవడం ఎలా

వేర్వేరు ఆటల నుంచి వచ్చిన పాత్రలు ఒకే బరిలో తలపడే పోరాట ఆటల్లో ప్రతి పాత్రా తన పుట్టింటి గుర్తుగా ఏదో ఒక వస్తువును వెంట తెచ్చుకుంటుంది. లింక్ విల్లంబులు, బూమరాంగ్ తెస్తాడు. స్నేక్ గ్రెనేడ్లు తెస్తాడు. స్టీవ్ పికాసు పట్టుకుని వచ్చి, పోరు జరుగుతుండగానే నేల తవ్వడం మొదలుపెడతాడు. ఇలాంటి ఆటల్లో అత్యధిక పాత్రలున్న సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌నే ఈ వ్యాసానికి ఆధారంగా తీసుకుంటున్నాను. 1999లో నింటెండో 64 మీద మొదలైన ఈ వరుసలో ఇది 2018 డిసెంబరు 7న నింటెండో స్విచ్ మీద విడుదలైంది. 2021 అక్టోబరులో సోరా చేరిన తరువాత ఇందులోకి కొత్త పాత్రలేవీ రాలేదు కాబట్టి, ఇప్పుడు కష్టపడి నేర్చుకున్నది రేపు పనికిరాకుండా పోతుందన్న బెంగ అక్కర్లేదు.

కొత్తగా ఆడేవారు సాధారణంగా ఆయుధం ఏం చేస్తుందో చూసి మురిసిపోతారు గానీ, దాన్ని వాడినందుకు అది మన దగ్గర ఏం వసూలు చేస్తుందో గమనించరు. స్మాష్‌లో ఖరీదు లేని ఆయుధం లేదు. కొన్ని వాడినప్పుడు మన కాళ్లు కట్టేస్తాయి, కొన్ని లెక్కపెట్టిన వాడకాల తరువాత విరిగిపోతాయి, కొన్ని విసిరిన మరుక్షణం ఎదుటివాడి చేతిలో పడతాయి, కొన్ని మనల్నే కాలుస్తాయి. ఆయుధాన్ని నేర్చుకోవడమంటే ముందు ఆ ఖరీదును తెలుసుకోవడమే.

సాధనకు ఆటలోనే ఉన్న ట్రైనింగ్ మోడ్ చాలు. అందులో గళ్లు గీసిన ప్రత్యేక వేదిక ఒకటి ఉంటుంది. దూరాన్ని అడుగులతో కొలిచినట్టు ఆ గళ్లతో కొలుచుకోవచ్చు. ఆట వేగాన్ని తగ్గించవచ్చు, ప్రత్యర్థిని కదలకుండా నిలబెట్టవచ్చు, అతని డ్యామేజ్ శాతాన్ని మనకు కావలసిన అంకె దగ్గర పెట్టుకోవచ్చు. ఈ ఆటలో దెబ్బ తిన్నకొద్దీ శాతం పెరుగుతుంది. శాతం పెరిగినకొద్దీ పాత్ర మరింత దూరం ఎగిరిపడుతుంది. వేదిక చుట్టూ ఉన్న హద్దు దాటితే ఒక ప్రాణం పోయినట్టే. అందువల్ల ఒకే దెబ్బను సున్నా శాతం దగ్గర, వంద శాతం దగ్గర విడివిడిగా చూడటం తప్పనిసరి.

సాధనను కత్తులతో మొదలుపెట్టడం మంచిది. పిడికిలితో కొట్టే పాత్ర చేయి చాచినప్పుడు ఆ చేతికి కూడా దెబ్బ తగిలే వీలుంటుంది. కత్తి అలా కాదు, కత్తికి తగిలిన దెబ్బ కత్తి పట్టిన వాడికి తగిలినట్టు కాదు. కర్రసాము చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అయితే కత్తి పొడవంతా ఒకే బలం ఉంటుందనుకుంటే పొరపాటు. ఫైర్ ఎంబ్లెమ్ వరుస నుంచి వచ్చిన మార్త్‌ను తీసుకోండి. ప్రత్యర్థిని కదలకుండా నిలబెట్టి, అతనికి ఆనుకుని నిలుచుని, స్టిక్‌ను మెల్లగా పక్కకు వంచి ‘ఏ’ (A) బటన్ నొక్కండి; పెరిగిన శాతాన్ని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఒక అడుగు వెనక్కి వేసి అదే దెబ్బ కొట్టండి. కత్తి మొన మాత్రమే తాకేంత దూరం వచ్చేసరికి అంకె ఒక్కసారిగా పెరుగుతుంది, ఎదుటి పాత్ర ఎగిరే తీరు కూడా మారుతుంది. మార్త్ ఖరీదు అదే: శత్రువు మీదకు ఎగబడితే అతని కత్తి సగం కత్తే అవుతుంది.

తరువాత అదే కసరత్తును రాయ్‌తో చేయండి. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. బలమంతా పిడికి దగ్గర ఉంటుంది, మొన దగ్గర దెబ్బ పలచబడిపోతుంది. అందువల్ల రాయ్‌ను ఆడేవాడు ఊపిరి తగిలేంత దగ్గరకు వెళ్లాలి, అంటే తాను కూడా దెబ్బ తినడానికి సిద్ధపడాలి. నేను మొదటి రెండు నెలలు రాయ్‌ను మార్త్‌లాగే వెనక్కి జరుగుతూ ఆడి, ఇతనికి అసలు బలమే లేదని తీర్మానించుకున్నాను. తప్పు కత్తిది కాదని ట్రైనింగ్ మోడ్‌లో పావుగంట గడిపాకే తెలిసింది. ఈ దూరాల గొడవ వద్దనుకునేవారికి లూసినా, క్రామ్ ఉన్నారు. వారి కత్తుల్లో పొడవంతా బలం సమానం. పెద్ద దెబ్బ ఆశ ఉండదు గానీ, మోసపోవడమూ ఉండదు. మొదట లూసినాతో ఆట నేర్చుకుని ఆ తరువాత మార్త్‌కు మారడం తేలిక దారి. అన్నట్టు, రాయ్ తన సొంత ఆట జపాన్‌లో విడుదల కావడానికి కొన్ని నెలల ముందే, 2001లో వచ్చిన స్మాష్ మెలేలో కనిపించాడు. అంటే చాలామంది ఆటగాళ్లకు అతని కత్తి ముందు పరిచయమై, కథ తరువాత తెలిసింది.

కాసిల్‌వేనియా వరుస నుంచి వచ్చిన సైమన్, రిక్టర్ల కొరడా గురించి ఒక్క మాట చాలు. అది చాలా దూరం పోతుంది, కానీ నెమ్మదిగా లేస్తుంది, చేరువకు వచ్చినవాడి దగ్గర తడబడుతుంది. దెబ్బ వేశాక ‘ఏ’ బటన్‌ను వదలకుండా పట్టుకుంటే కొరడా చేతి నుంచి వేలాడుతూ ఉంటుంది. వేదిక అంచు నుంచి పడిపోతున్నప్పుడు గాలిలో విసిరిన కొరడాతో అంచును పట్టుకోవచ్చు కూడా.

ఇక అసలు సరదా లింక్ సంచిలో ఉంది. అల్టిమేట్‌లో మూడు లింక్‌లు ఉన్నారు. వారిలో యంగ్ లింక్, టూన్ లింక్‌ల బాంబులు తమ సమయం వచ్చినప్పుడు పేలతాయి, పెద్ద లింక్ బాంబు మాత్రం అతను మీట నొక్కినప్పుడు పేలుతుంది. స్టిక్‌ను కిందికి వంచి ‘బి’ (B) బటన్ నొక్కితే బాంబు చేతిలోకి వస్తుంది. ‘ఏ’ నొక్కితే విసురుతాడు; గాలిలో ఉండగా గ్రాబ్ బటన్ (ప్రత్యర్థిని పట్టుకోవడానికి వాడేది) నొక్కితే విసరకుండా జారవిడుస్తాడు. బాంబు చేతిలో లేనప్పుడు మళ్లీ స్టిక్ కిందికి వంచి బి నొక్కితే అది ఎక్కడ ఉంటే అక్కడే పేలుతుంది. దీనిలో రెండు ఖరీదులున్నాయి. పేల్చే మీట నొక్కే క్షణంలో లింక్ ఇంకో పని చేయలేడు. దగ్గరలో నిలబడి ఉంటే పేలుడు అతన్నీ విసిరేస్తుంది. కాబట్టి బాంబును ఎప్పుడూ ప్రత్యర్థి మీదకు గురిపెట్టకండి. అతను ఎక్కడ కాలు పెట్టబోతున్నాడో అక్కడ వేయండి. అంచు పట్టుకుని పైకి రావాల్సిన శత్రువుకు, అంచుకు రెండడుగుల ఇవతల కదలకుండా పడి ఉన్న బాంబు పెద్ద తలనొప్పి. అతను దొర్లి వస్తే పేల్చండి. రాకపోతే బాణం వేయండి.

బాణాల సంగతికి వస్తే, నేలకు గుచ్చుకున్న బాణం కొంతసేపు అక్కడే ఉంటుంది. దాని దగ్గరకు వెళ్లి ‘ఏ’ నొక్కితే లింక్ దాన్ని తీసుకుంటాడు. ఆ బాణం చేతిలో ఉండగా విల్లు ఎక్కుపెడితే ఒకేసారి రెండు బాణాలు వెళతాయి. ఇది తెలియక ఏళ్ల తరబడి ఒక్కొక్కటే వేసినవారు నాకు బాగా తెలుసు. బూమరాంగ్‌ను స్టిక్ మెల్లగా వంచి వేస్తే దగ్గరలో, ఒక్కసారిగా విదిలించి వేస్తే దూరంగా తిరిగి వస్తుంది. కొద్దిగా పైకి లేదా కిందికి కూడా మళ్లించవచ్చు. అది తిరిగి వచ్చేదాకా రెండోది విసరడం కుదరదు. ఆ ఎడం వ్యర్థం కాకుండా, బూమరాంగ్ వెనకే పరుగెత్తి, శత్రువు దాన్ని షీల్డ్‌తో కాచుకుంటున్న క్షణంలో పట్టుకుని విసిరేయడం లింక్ ఆటలో నాకు బాగా నచ్చిన ఎత్తు. ఇంకొక చిన్న సంగతి: లింక్ ఊరికే నిలబడి ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు అతని చేతి డాలు ఎదురుగా వచ్చే బాణాలను, గుండ్లను తనంతట తానే ఆపుతుంది. దూరం నుంచి కాల్చేవాడి మీదకు పరుగెత్తకుండా నింపాదిగా నడిచి వెళ్లండి. ఇది ఎదుటివాడికి ఎంత చిరాకు తెప్పిస్తుందో ఆడితేనే తెలుస్తుంది.

స్నేక్‌తో ఆడేటప్పుడు ఖరీదు ఇంకా కఠినంగా ఉంటుంది. బి నొక్కితే గ్రెనేడ్ చేతిలోకి వస్తుంది, ఆ క్షణం నుంచే దాని లెక్క మొదలవుతుంది. విసిరినా, జారవిడిచినా, చేతిలోనే ఉంచుకున్నా ఆ లెక్క ఆగదు. అయితే స్నేక్ ఆటగాళ్లు ఈ ప్రమాదాన్నే కవచంగా వాడుకుంటారు: గ్రెనేడ్‌ను కాళ్ల దగ్గర వదిలి షీల్డ్ వేసుకుని నిలబడితే, కొట్టడానికి వచ్చినవాడి దెబ్బ గ్రెనేడ్‌కు తగిలి, అది అతని ముఖం మీదే పేలుతుంది. స్టిక్ కిందికి వంచి బి నొక్కితే సీ4 అనే పేలుడు పదార్థం నేలకు అంటుకుంటుంది. శత్రువుకు ఆనుకుని నొక్కితే అతని ఒంటికే అంటుకుంటుంది. మళ్లీ నొక్కితే పేలుతుంది. నికిటా క్షిపణిని స్టిక్‌తో నడుపుతున్నంతసేపు స్నేక్ విగ్రహంలా నిలబడిపోతాడు. అందువల్ల ప్రత్యర్థి వేదిక బయట, తిరిగి రావడానికి తంటాలు పడుతున్నప్పుడు తప్ప నికిటా జోలికి పోకండి. వేదిక మధ్యలో దాన్ని వాడటమంటే మెడ చాచి కొట్టమని అడగడమే.

తరిగిపోయే ఆయుధాలు వేరే జాతి. ఫైర్ ఎంబ్లెమ్ నుంచే వచ్చిన రాబిన్ చేతిలోని లెవిన్ కత్తి ఎనిమిది వాడకాలతో అయిపోతుంది, ఆ తరువాత కొన్ని సెకన్లపాటు మామూలు కంచు కత్తితోనే నెట్టుకురావాలి. అతని మంత్ర గ్రంథాలకూ ఇలాంటి హద్దే ఉంది. రాబిన్ సాధనలో మొదటి పని దెబ్బలు కాదు, లెక్క. ట్రైనింగ్ మోడ్‌లో లెవిన్ కత్తిని ఊపిన ప్రతిసారీ పైకి అంకె చెప్పుకుంటూ ఆడండి. ఇది చిన్నపిల్లల చేష్టలా అనిపిస్తుంది, కానీ వారం తరువాత నోరు మూసుకున్నా లెక్క లోపల నడుస్తూనే ఉంటుంది. ఇంకో విశేషం, అయిపోయిన కత్తిని, పుస్తకాన్ని రాబిన్ పక్కకు విసిరేస్తాడు. ఆ పడిన వస్తువు కూడా తగిలితే దెబ్బే. కాబట్టి చివరి వాడకాన్ని ఎక్కడ ఖర్చు పెడుతున్నామో ముందే ఆలోచించుకోవచ్చు.

2020 అక్టోబరులో మైన్‌క్రాఫ్ట్ నుంచి వచ్చిన స్టీవ్ ఈ లెక్కను పూర్తి వ్యవసాయం చేశాడు. నేల మీద బి పట్టుకుంటే తవ్వుతాడు. దొరికిన కర్ర, రాయి, ఇనుము, బంగారం, వజ్రంతో తన బల్ల దగ్గర పనిముట్లు చేసుకుంటాడు. అవి అరిగి విరిగిపోతే పిడికిళ్లే దిక్కు. బంగారు పనిముట్లు చకచకా పనిచేస్తాయి గానీ త్వరగా విరుగుతాయి. మొదటిసారి స్టీవ్‌ను ఆడేవారు ఒకే సూత్రం పాటిస్తే చాలు: శత్రువు ఎగిరి దూరంగా పడిన ప్రతిసారీ వెంటపడకుండా రెండు క్షణాలు తవ్వండి. స్టీవ్‌కు ఎదురుగా ఆడేవారికి దీనికి సరిగ్గా ఉల్టా సలహా: అతనికి తీరిక ఇవ్వకండి, అతని బల్లను మీ దెబ్బలతో పగలగొట్టండి.

ఎదుర్కోవడం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఓడేది తమ ఆయుధం రాక కాదు, ఎదుటివాడి ఆయుధం తెలియక. ముందుగా, విసిరే వస్తువుల్లో ఏవి చేతికి దొరుకుతాయో తెలుసుకోండి. మెగా మ్యాన్ ఎనిమిది దిక్కులకూ విసరగల మెటల్ బ్లేడ్, పాక్ మ్యాన్ పండ్లు, లింక్ బాంబు, స్నేక్ గ్రెనేడ్ ఎవరైనా తీసుకుని తిరిగి విసరవచ్చు. రెండో సంగతి, తిప్పికొట్టే సాధనాలు అన్నీ ఒకటి కావు. ఫాక్స్ రిఫ్లెక్టర్ వచ్చినదాన్ని వెనక్కి పంపుతుంది; విలేజర్ దాన్ని జేబులో వేసుకుని, తనకు నచ్చినప్పుడు మరింత బలంగా విసురుతాడు; నెస్ బేస్‌బాల్ బ్యాట్ సరైన క్షణంలో ఊపితే వచ్చిన గుండు వెనక్కి తిరుగుతుంది. అదే నెస్ దగ్గరున్న పీఎస్ఐ మాగ్నెట్ శక్తి గుండ్లను మింగి శాతం తగ్గిస్తుంది గానీ, బాణం లాంటి గట్టి వస్తువును ఏమీ చేయలేదు. సామస్ పూర్తిగా నింపిన చార్జ్ షాట్‌ను నెస్ మీద వదలడమంటే అతనికి భోజనం పెట్టడమే; అదే సామస్ వేసే క్షిపణికి అతని దగ్గర ఆ మందు పనిచేయదు.

ఒకే రకంగా కనిపించే తుపాకులను కూడా వేరుచేసి చూడాలి. ఫాక్స్ బ్లాస్టర్ శాతం పెంచుతుంది గానీ తగిలినవాడిని ఆపదు. ఫాల్కో బ్లాస్టర్ తగిలినవాడు ఒక్క క్షణం తొట్రుపడతాడు. ఫాక్స్ కాల్పుల మధ్య నుంచి పరుగెత్తి వెళ్లి కొట్టవచ్చు, ఫాల్కో విషయంలో షీల్డ్‌తో గానీ గెంతుతో గానీ వెళ్లక తప్పదు.

ఇవన్నీ చేతికి రావాలంటే స్నేహితుడితో కలిసి ఒక కసరత్తు చేయండి. ఒకరు లింక్, ఇంకొకరు ఏ పాత్రయినా సరే. లింక్ ఆడేవారు బాంబులు విసరడం తప్ప మరేమీ చేయకూడదు, పేల్చకూడదు కూడా. ఎదుటివారు గాలిలోనే ‘ఏ’ నొక్కి వాటిని పట్టుకుని తిరిగి విసరాలి. పది బాంబుల్లో ఆరు పట్టుకోగలిగాక, లింక్‌కు పేల్చే అనుమతి ఇవ్వండి. అప్పుడు పట్టుకున్నవారికి కూడా భద్రత ఉండదు, ఎందుకంటే ఎదుటివారి చేతిలో ఉన్నా లింక్ దాన్ని పేల్చగలడు. అది కూడా అలవాటయ్యాక స్నేక్ గ్రెనేడ్లతో మళ్లీ మొదటి నుంచి చేయండి. అక్కడ మాత్రం పట్టుకున్న వెంటనే విసిరేయాలి. దాని లెక్క చేతులు మారినా ఆగదు.