ఊరి గడి చరిత్ర రాయాలంటే: గోడల కొలతల నుంచి ఖాస్రా పహాణీ దాకా

తెలంగాణ పల్లెల్లో ఏ గడి (దొరల కోట లాంటి భవంతి) ముందు నిలబడి అడిగినా "మూడొందల ఏండ్ల కిందటిది" అనే జవాబే వస్తుంది. కొన్ని చోట్ల అది నిజమే కావచ్చు. కానీ చాలా గడీల్లో ప్రహరీ, బురుజులు ఒక కాలానివి, లోపలి భవంతి మరో తరానిది, ముందరి బంగ్లా ఇంకా తర్వాత కట్టింది. కాబట్టి గడి మొత్తానికి ఒకే తేదీ వెతకొద్దు. ఒక్కో భాగానికి విడిగా తేదీ పెట్టుకుంటూ పోవాలి. ఈ పని మొత్తానికి ఇదే ఆయువుపట్టు.

ముందుగా ఆ గడి ఎవరిదో తేల్చుకోవాలి: దేశ్‌ముఖ్‌దా, (వంశపారంపర్యంగా శిస్తు వసూలు చేసినవాడు), జాగీర్దారుదా (నిజాం నుంచి ఊళ్ళు పొందినవాడు), సంస్థానానిదా (నిజాం కింది చిన్న రాజ్యం)? కాగితాలు ఎక్కడ దొరుకుతాయన్నది దీన్నిబట్టే ఉంటుంది. 1860లలో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ జిలాబందీ (జిల్లాల పాలన) తెచ్చి శిస్తు వసూలును సర్కారు చేతికి తీసుకున్నాక, దేశ్‌ముఖ్‌లకు రుసుము (పోయిన వసూలు హక్కుకు బదులు ఇచ్చే సొమ్ము) ముట్టేది. వాళ్ళ ఆనవాళ్ళు రెవెన్యూ దస్త్రాల్లో ఉంటాయి. జాగీరు ఊళ్ళ లెక్కలు జాగీర్దారు చేతిలోనే ఉండేవి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చాకే అవి సర్కారు చేతికొచ్చాయి. అందుకే జాగీరు ఊరికి పాత సర్కారీ కాగితం దొరక్కపోతే కంగారు పడొద్దు. గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలకైతే ఆస్థాన కవుల రచనలు కూడా ఆధారమవుతాయి.

ఇక గోడల దగ్గరికి వెళ్దాం. 30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు, టార్చి, గళ్ళ కాగితం, దిక్సూచి ఉంటే చాలు. టేపు పట్టడానికి ఇద్దరు, రాయడానికి ఒకరు కావాలి. ప్రతి గదికీ నాలుగు పక్కలతో పాటు మూల నుంచి మూలకు రెండు కొలతలూ తీయండి. పాత గదులు సరిగ్గా చతురస్రంగా ఉండవు. మూలకొలతలు లేకుండా గీసిన పటంలో నాలుగైదు గదులు దాటేసరికి గోడలు ఒకదానితో ఒకటి కలవవు. ప్రతి గుమ్మం దగ్గర గోడ మందం రాసుకోండి. మందం ఒక్కసారిగా మారిందంటే అక్కడ కట్టిన కాలం మారి ఉండొచ్చు. రెండు గోడలు కలిసే చోట రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకోకుండా నిలువు గీతలా సందు కనిపిస్తే, అందులో ఒకటి తర్వాత అతికించినదే. ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టండి, ఉత్తరం ఎటో రాయండి.

తేదీ పట్టిచ్చే ఆనవాళ్ళు పైకప్పులోనే ఎక్కువ. ఇనుప గర్డర్ల పక్కభాగం మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. డార్మన్ లాంగ్ అని ఉంటే అది ఇంగ్లండ్ సరుకు. టాటా అని ఉంటే ఆ కప్పు 1912కు ముందుది కాదు, ఎందుకంటే జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ ఆ ఏడే మొదలైంది. సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో. అంతకుముందు అంత బరువైన గర్డరు లోపలి పల్లెకు చేరడం దాదాపు అసాధ్యం.

మంగళూరు పెంకుల దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. పెంకు మీద 1865 అనో 1868 అనో కనిపించగానే గడికి ఆ తేదీ పెట్టేస్తారు. అవి పెంకుల కంపెనీలు పుట్టిన సంవత్సరాలు. బాసెల్ మిషన్ కార్ఖానా 1865లోనూ, ఆల్బుకర్క్ కార్ఖానా 1868లోనూ మొదలయ్యాయి. ఆ ముద్ర తర్వాత దశాబ్దాల పాటు అచ్చయింది. పైగా పెంకులు పగిలినప్పుడల్లా మారుస్తారు. చెక్కడపు టేకు తలుపులనూ వెంటనే నమ్మొద్దు. పాడుబడిన గడి తలుపులు, స్తంభాలు అమ్ముడుపోయి ఇంకో ఇంటికి చేరడం మామూలే. చౌకట్టు చుట్టూ డంగు సున్నం చెదరకుండా ఉందా, సిమెంటుతో పూడ్చారా చూడండి.

కాగితాల్లో మొదట చూడాల్సింది 1954–55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు భూమి ఎవరిదో చెప్పే దస్త్రం), దానికి ముందుది సేత్వార్ (సర్వే నాటి భూమి రిజిస్టరు). తహసీల్దారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టండి. రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇక్కడో చిక్కుంది. గడి సాధారణంగా గ్రామకంఠంలో (ఊరి ఇళ్ళున్న స్థలంలో) ఉంటుంది కాబట్టి ఆ కట్టడం పహాణీలో కనిపించదు. దాని చుట్టూ ఉన్న తోటలు, బావులు, పొలాల సర్వే నంబర్లు పట్టుకుని యజమాని పేర్లు లాగాలి. కట్టడం కోసం పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరు, సబ్‌రిజిస్ట్రారు దగ్గరి పాత దస్తావేజులు చూడాలి. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళాల్సిందే. పాతవి ఫార్సీలో, 1880ల తర్వాతవి ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. గొలుసుకట్టు షికస్తా రాత చదవడం ఉర్దూ వచ్చిన వాళ్ళందరి వల్లా కాదు, అలవాటున్న పెద్దవాళ్ళను ముందే వెతికి పెట్టుకోండి.

సంవత్సరాల దగ్గర జాగ్రత్త. 20వ శతాబ్దపు హైదరాబాద్ కాగితాల్లో ఫసలీ (నిజాం సర్కారు వాడిన) ఏడాది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. ఇస్ఫందార్ 15, 1342 ఫసలీ అంటే 1933 జనవరి. అదే 1342 హిజ్రీ అయితే 1923–24. ద్వారం మీది శాసనంలో అంకె ఒక్కటే ఉంటే అది ఏ లెక్కో తేలేదాకా రెండూ రాసిపెట్టండి. సొమ్ము కూడా అంతే. హాలీ సిక్కా (నిజాం నాణెం) 7 రూపాయలు, కల్దార్ (బ్రిటిష్ ఇండియా నాణెం) 6 రూపాయలకు దాదాపు సమానం.

కాగితం చెప్పనిది మనుషులు చెబుతారు. దొర వారసులను కలవండి, కానీ వాళ్ళతోనే ఆపేస్తే అది వంశచరిత్ర అవుతుంది తప్ప గడి చరిత్ర కాదు. రాళ్ళు మోసింది, సున్నం గానుగ తిప్పింది, బట్టలుతికింది, నీళ్ళు చేదింది వెట్టి చేసిన కుటుంబాలు. "గడి ఎప్పుడు కట్టారు?" అని అడిగితే ఏమీ రాదు. "మీ తాత ఏ దర్వాజ నుంచి లోపలికి పోయేవాడు? ధాన్యం ఎక్కడ పోసేవాళ్ళు? చెప్పులు ఎక్కడ విడిచేవాళ్ళు?" అని అడగండి, గదుల వాడకం మొత్తం బయటికొస్తుంది. కాలాన్ని సంఘటనలకు కట్టండి: రజాకార్లకు ముందా, 1948 పోలీసు చర్య తర్వాతా, దొరలు ఊరు విడిచాకా? జనగామ ప్రాంతంలోనైతే 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరుడైన రోజు చాలా ఇళ్ళలో కొండగుర్తు. ఇద్దరి మాటలు పొసగకపోతే రాజీ కుదర్చొద్దు, ఎవరి మాట వాళ్ళ పేరు మీదనే, వాళ్ళ అనుమతితో రాయండి.

పాడుబడిన గడిలో మిద్దె ఎక్కొద్దు. దూలాల చివరలు గోడ లోపలే చీకిపోతాయి, కింది నుంచి చూస్తే గట్టిగానే కనిపిస్తాయి. నేలమాళిగలు, పాతర్లు ఎక్కడున్నాయో చూపే పటాన్ని బహిరంగంగా పెట్టొద్దు. గుప్తనిధుల వాళ్ళు తవ్వి పునాదులే కూల్చేస్తారు. నేలలో పాతిన సొత్తేదైనా కనబడితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. మరమ్మతు తలపెట్టే ఊరివాళ్ళు ముందు కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు వెళ్ళి చూసి రావాలి. దాని పరిరక్షణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక రాయి, ఇటుక పొరలుగా రాలిపోతాయి. పాత గోడకు సున్నమే పూయాలి.

చివరి ప్రతిలో ప్రతి భాగం పక్కన మూడు విషయాలుండాలి: ఏ కాలం, ఆధారమేమిటి, ఆ ఆధారం ఎంత గట్టిది. ఒక ప్రతి ఊరి బడికి, ఒకటి పంచాయతీకి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి.