ఆరున్నొక్కటి: కథలో పురాణాల అంకెలు వాడే తీరు

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి (కమీషన్) దుకాణంల గుమాస్తాను. పగలు తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మిన బిల్లులు రాస్త, రాత్రి కథలు రాస్త. రోజంతా అంకెలతోనే బతుకుతున్నా, మొదటి కథల అంకెల దగ్గర్నే బోల్తా పడ్డ. గుడికి 108 మెట్లు, హీరో ఏడో కొడుకు, ఊళ్లె తొమ్మిది బావులు. ఏ పత్రికకు పంపిన్నో అక్కడినుంచి కథ తిరిగొచ్చింది. 'ఈ 108ని 90 చేస్తే ఏం పోతది?' అని మార్జిన్ల రాసిండ్రు. జవాబు దొరకలె.

ఇప్పుడు ఏ కథ రాసినా ముందుగాల ఆ ప్రశ్ననే అడుగుత. అంకె మార్చి చదువుత. కథ ఎక్కడా కుంటకపోతే ఆ అంకెను కొట్టేస్త.

ఇగ పద్దెనిమిది సంగతి. భారతం 18 పర్వాలు, యుద్ధం 18 రోజులు, సైన్యం 18 అక్షౌహిణులు. ఒక్క అక్షౌహిణికి 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. వీటిల ఏ సంఖ్యనైనా విడదీసి కూడండి, 18 వస్తది. పాత బిల్లు వెనుక ఈ లెక్క వేసుకొని మురిసిపోయిన. కానీ కథకు పనికొచ్చేది ఆ కూడిక కాదు. ఆ పద్దెనిమిదిల కౌరవులవి 11, పాండవులవి 7. తక్కువున్నోళ్లు గెలిచిండ్రు. కథ రాసేటోడు అంకెను విప్పి, లోపల ఎవరెవరు కొట్లాడుతున్నరో చూడాలె.

లెక్కపెట్టేటోళ్లు కూడా కథలనే ఉండాలె. శిశుపాలుని వంద తప్పులు కాస్తనని కృష్ణుడు మేనత్తకు మాటిచ్చిండు. హద్దు మనకు ముందే తెలుసు కాబట్టి, వాడు నోరు జారినప్పుడల్లా మనమే లెక్కేస్తం. మొగడు తాగొచ్చిన రాత్రల్లా గోడకు ఒక సున్నపు బొట్టు పెట్టే ఇల్లాలిని రాయండి. ఎన్నో బొట్టుకు ఇల్లు దాటాలో ఆమె ముందే అనుకున్నదని ఒక్కసారి చెప్పి ఊకోండి. ఆ తర్వాత గోడ చూపిస్తే చాలు.

అన్నిటికంటె ఎక్కువ నేర్పింది నాకు బతుకమ్మ. ఎంగిలిపూలతోని మొదలై సద్దులతోని ముగిసే తొమ్మిది రోజులు. అందుల ఆరో నాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పువ్వులు పేర్చరు, ఆడరు. తొమ్మిది నిండాలంటే నడుమ ఒక ఖాళీ రోజు ఉండాల్సిందే. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకు, వదినెకు నడుమ ఏదో గొడవుందనుకోండి. ఐదు రోజులు తంగేడు, గునుగు సర్దుకుంట చేతుల పనితోని మాట దాటేస్తరు. ఆరో నాడు చేతులు ఖాళీ, వాకిలి ఖాళీ. ఆ మాట ఆనాడే బయటికి రావాలె. పదో రోజు కలిపినా, ఆరును నాలుగు చేసినా కథ చెడిపోతది. నేను చెప్పే అంకె అంటే గిట్ల ఉండాలె.

కొన్ని అంకెలను మాత్రం లెక్కపెట్టొద్దు. 1163ల రుద్రదేవుడు కట్టించిన మా హనుమకొండ గుడి పేరు వేయిస్తంభాలది. వెయ్యి అంటే ఇక్కడ లెక్కలేనన్ని అని. హీరోతోని స్తంభాలు ఎంచబెడితే కథ సర్వే రిపోర్టయితది. ఆ గుళ్లె కథకు అందే అంకె మూడు: శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురూ ఒక్క కప్పు కింద.

పురాణం ఎన్నడూ చదవనోళ్ల నోట్ల కూడా అంకెలకు భయభక్తులుంటయి. మా బాపమ్మ కుంచంతోని వడ్లు కొలిస్తే 'ఒకటి' అనకపోతుండె. 'లాభం, రెండు, మూడు' అని మొదలుపెట్టేది. ఆరు తర్వాత 'ఆరున్నొక్కటి', ఆ మీద ఎనిమిది. ఏడు అంటే ఏడుపు గదా, గింజల మీద ఆ మాట పడొద్దు. పాత్ర ఎసుంటిదో చెప్పనీకి ఒక పేజీ ఖర్చుపెట్టే బదులు ఈ ఒక్క మాట అనిపించండి.

ఇప్పుడు రాస్తున్న కథల అసుంటి ముసలమ్మే ఉన్నది. కొడుకు పోయిన పదిహేనొద్దులకు కళ్లంల కొలతకు కూసుంటది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. చుట్టూ ఉన్న కూలోళ్లకు తర్వాతి మాట ఏందో తెలుసు. ఆమె కుంచం ఎత్తి, 'ఏడు' అంటది. ఆ కింద నాలుగు వాక్యాలు రాసిన గానీ, నిన్న రాత్రి నాలుగూ కొట్టేసిన.