స్కౌట్ ప్రమాణం చెప్పించేటప్పుడు ఎక్కడ ఆగాలి?

భారత్ స్కౌట్స్ దీక్షా కార్యక్రమంలో ప్రమాణాన్ని ఒకరు చెప్పించి మిగతావాళ్లు అనేటట్టయితే ఐదు ముక్కలు చేయండి: ఆన్ మై ఆనర్ / ఐ ప్రామిస్ దట్ ఐ విల్ డు మై బెస్ట్ / టు డు మై డ్యూటీ టు గాడ్ అండ్ మై కంట్రీ / టు హెల్ప్ అదర్ పీపుల్ / అండ్ టు ఒబే ది స్కౌట్ లా. గోల ఎప్పుడూ మూడో ముక్కలోనే. ‘గాడ్’కు బదులు ‘ధర్మ’ అనడానికి అనుమతి ఉంది కాబట్టి, ఎవరు ఏది అంటారో ముందే అడిగి ‘ధర్మ’ అనేవాళ్లను విడిగా నిలబెట్టండి. మొదటి మాటకు ముందే కుడిచేయి భుజం ఎత్తుకు లేవాలి, చిటికెన వేలి గోరు మీద బొటనవేలు ఉండాలి. పిల్లలు అంటున్నప్పుడు మీరు మైకులో కలవకండి, వాళ్ల గొంతు వినబడదు.