టైఫాయిడ్ టీకా: సూది పడకముందు చూసుకోవలసినవి (ఇంటిల్లిపాదికీ టీకాలు, 4వ పాఠం)

కిందటి పాఠంలో ఒక పని చెప్పాను. ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు ఒకటి కొని, గ్లాసుడు నీళ్లలో ఉంచి, రాత్రంతా మధ్య అరలో పెట్టి, పొద్దున్నే అంకె రాసుకోమన్నాను. మర్నాడు అదే గ్లాసు తలుపు అరలో పెట్టమన్నాను. చేసినవాళ్లు ఆ రెండు అంకెలూ దగ్గర పెట్టుకోండి, ఈ పాఠంలో వాటితో పని ఉంది. చేయనివాళ్లు ఇవాళ రాత్రికి మొదలుపెట్టండి.

టైఫాయిడ్ మన ఊళ్లకు కొత్త కాదు. మలంతో కలిసిన నీళ్లు, ఆ నీళ్లతో కడిగిన కొత్తిమీర, రోడ్డు మీద ఐసు వేసిన చెరుకు రసం, ఇవే దాని దారులు. 2018 మార్చిలో పాత గుంటూరు ఆనందపేట వైపు మురుగు కుళాయి నీళ్లలో కలిసి ఎన్ని ఇళ్లు విరేచనాలతో మంచం పట్టాయో, ఎన్ని ప్రాణాలు పోయాయో ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. అది టైఫాయిడ్ కాదు. కానీ టైఫాయిడ్ నడిచి వచ్చే దారీ అదే. అందుకే టీకా వేయించుకున్నాక కూడా నీళ్లు కాచి చల్లార్చుకోవడం మానకూడదు.

"సూది కాకుండా మింగేది ఉందట కదా?" అని చాలామంది అడిగారు. ఉండేది. టై21ఎ అనే గుళికలు. వాటిలో ఉన్నది మందు కాదు, బలం తగ్గించిన, బతికున్న టైఫాయిడ్ క్రిమి. కడుపులోని ఆమ్లానికి చావకుండా పేగు దాకా చేరాలని పైన గట్టి పూత వేసేవారు. అమెరికాలో నాలుగు గుళికలు, యూరప్‌లో మూడు, రోజు విడిచి రోజు. ఫ్రిజ్‌లో దాచాలి, నమలకూడదు, తిండికి గంట ముందు చల్లని లేదా గోరువెచ్చని నీళ్లతో మింగాలి. యాంటీబయాటిక్ వాడుతుంటే అది టీకాలోని క్రిమిని కూడా చంపేస్తుంది కాబట్టి ఆ రోజుల్లో వేసుకోకూడదు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు బతికున్న టీకా అసలు పనికిరాదు.

విదేశంలో ఉండే మా అక్క కూతురు 2019లో పెళ్లికి ఇక్కడికి వస్తూ అక్కడే ఈ కోర్సు మొదలుపెట్టింది. "పిన్నీ, రెండోది పొగలు కక్కే కాఫీతో మింగేశాను, ఫరవాలేదా?" అని ఫోను. ఫరవాలేకపోవడం ఏమిటి, ఆ వేడికి లోపలి క్రిమి చస్తే ఇక టీకా ఎక్కడిది? వెంటనే రాసిచ్చిన డాక్టర్‌నే అడగమన్నాను. 2024 డిసెంబరుతో ఈ గుళికల తయారీ ఆగిపోయింది. ఎవరి పెట్టెలోనైనా పాతవి మిగిలి ఉంటే వేసుకోకండి.

ఇప్పుడు మనకు దొరికేది సూది టీకా, టైఫాయిడ్ కాంజుగేట్. క్రిమి ఒంటి మీదుండే చక్కెర పొరను తీసి, ధనుర్వాతం టీకాలోని ప్రోటీనుకు అతికిస్తారు. ఉత్త చక్కెర పొరను రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు సరిగ్గా గుర్తుపట్టదు. ప్రోటీను తోడైతే గుర్తుపడుతుంది. అందుకే ఆరు నెలలు నిండిన బిడ్డకూ వేయొచ్చు, ఒక్క మోతాదు, అర మిల్లీలీటరు. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన ఈ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది. నేపాల్‌లో, మలావీలో పిల్లల మీద జరిగిన పరీక్షల్లో నూటికి ఎనభై పాళ్లు జబ్బును ఆపింది.

ఇక అసలు పాఠం. మా చిన్నవాడికి వేయించాలని మే నెలలో సాయంత్రం పూట కొత్తపేటలో టీకా కొని ఇంటికి తెచ్చాను, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దామని. మధ్య అరలో పెట్టాను. ఎండలు మండిపోతున్నాయి కదా, ఇంకాస్త చల్లగా ఉంటే మంచిదని అత్తయ్యగారు దాన్ని తీసి పైన ఐసు గదిలో పెట్టారు. పొద్దున చూస్తే సీసా లోపల తెల్లగా గడ్డ. అరచేతిలో పట్టుకుంటే పది నిమిషాల్లో కరిగి, మళ్లీ నీళ్లలా తేటగా అయింది. నన్ను భయపెట్టింది ఆ తేటదనమే. గడ్డకట్టిన సంగతి కంటికి తెలియదు, బిడ్డ చేతికి తెలియదు. డాక్టర్‌కి జరిగింది చెప్పాను. గడ్డకట్టిన టీకా పారేయాల్సిందే అన్నారు. పారేశాం.

కాబట్టి నా మాట, టీకా వేసే చోటే కొనండి. తేక తప్పకపోతే చిన్న థర్మోస్ డబ్బాలో, గుడ్డ చుట్టిన ఐసు ప్యాకుతో, సీసా ఐసుకు తగలకుండా తెచ్చి, 2 నుంచి 8 డిగ్రీలు చూపించిన మీ మధ్య అరలోనే పెట్టండి. అంకె 2 కన్నా దిగితే చలి కాస్త తగ్గేలా ఫ్రిజ్ మీట తిప్పండి. తలుపు అర వద్దు, పిల్లలు మంచినీళ్లకని తీసినప్పుడల్లా అక్కడ వేడి ఎక్కుతుంది.

ఇప్పుడు అడగడం నేర్చుకుందాం. మనవాళ్లలో చాలామందికి ఇదే కష్టం, "ఏమనుకుంటారో" అని. గట్టిగా రెండుసార్లు పలికి చూడండి: "సిస్టర్, సూదిలోకి తీసేముందు సీసా ఒక్కసారి చూపిస్తారా అమ్మా?" ఇందులో తప్పేమీ లేదు, మంచి నర్సులు తామే చూపిస్తారు. పేరు, గడువు తేదీ, బ్యాచ్ నంబరు చదవండి. మందులో తేలే నలుసులు ఉండకూడదు. సీసా మీద గుండ్రటి గుర్తు మధ్యలో చదరం ఉంటే, ఆ చదరం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉండాలి. రెండూ ఒకే రంగయితే, లేదా చదరమే ముదురైతే, అది వేడికి చెడిపోయినట్టు. కొత్త సిరంజి మీ ముందే విప్పాలి. పసివాళ్లకు తొడ పక్కన, పెద్దపిల్లలకు భుజానికి వేస్తారు, పిర్రకు కాదు.

జ్వరం ఎక్కువగా ఉంటే ఆ రోజు వేయించకండి. ఇంతకుముందు ఏ టీకాకైనా దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే, రక్తం గడ్డకట్టని జబ్బు ఉంటే, గర్భం ఉంటే, ఈ మధ్యే టైఫాయిడ్ వచ్చి తగ్గి ఉంటే, ముందే చెప్పండి. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి, ఆటో పిలిచారని లేవకండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా అక్కడున్న డాక్టరే అందుకోగలరు. ఇంటికొచ్చాక చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం మామూలే.

వచ్చే పాఠానికి పని: బ్యాచ్ నంబరు, తేదీ, ఏ చేతికి వేశారు, ఈ మూడూ బిడ్డ టీకా కార్డులో రాయించి ఫోనులో ఫొటో తీసుకోండి. ఇంట్లో పాత వైడాల్ పరీక్ష (టైఫాయిడ్ ఉందేమోనని చేసే రక్తపరీక్ష) చీటీ ఏదైనా ఉంటే వెతికి పెట్టండి. ఆ ఓ, హెచ్ అంకెలు ఎలా చదవాలో 5వ పాఠంలో చూద్దాం.