పద్మినికి రాక్ స్టీరింగ్ పెట్టే ముందు
పాత ప్రీమియర్ పద్మిని కారుకు స్టీరింగ్ బాక్సు తీసేసి రాక్ అండ్ పినియన్ (చిన్న పళ్ల చక్రం తిరిగితే పక్కలకు జరిగే పళ్ల కడ్డీ, అదే రాక్) పెట్టించుకోవాలనుకునే మన తిరుపతి వాళ్లు ఎవరైనా ఉంటే, దొరికిన రాక్ తెచ్చి వెల్డింగ్ చేయించేయకండి, ముందు దాని పొడవు చూడండి. రాక్ రెండు చివర్లా ఉండే బాల్ జాయింట్లు, పైనా కిందా చక్రాన్ని బండికి పట్టి ఉంచే చేతుల్లాంటి విష్‌బోన్‌ల లోపలి బుష్‌లను కలిపే గీత మీదకే రావాలి. అటూ ఇటూ అయితే గుంతలో పడినప్పుడల్లా మీరు స్టీరింగ్ తిప్పకుండానే చక్రం పక్కకు తిరుగుతుంది. నాది మొదట అలాగే అయింది, భాకరాపేట ఘాట్‌లో మలుపు మధ్య గుంత తగిలి బండి పక్కకు లాగేసరికి గుండె ఆగినంత పనైంది.

అందుకే ముందు టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేయించండి. స్ప్రింగ్ తీసి, స్టీరింగ్ కదలకుండా కట్టేసి, జాకీతో చక్రాన్ని మెల్లగా పైకీ కిందకీ కదుపుతూ, డ్రమ్ముకు బిగించిన చెక్కపట్టీ రెండు చివర్లూ బండి మధ్యగీతకు ఎంత దూరంలో ఉన్నాయో టేపుతో కొలవండి. ఆ రెండు దూరాల మధ్య తేడా మారకపోతేనే పూర్తి వెల్డింగ్.

ఇంకోటి, యాక్సిల్‌కు ముందుండాల్సిన రాక్‌ను అలాగే వెనక్కి జరిపితే కుడికి తిప్పితే ఎడమకు పోతుంది. అంబాసిడర్ వాళ్లకు ఈ టెన్షన్ లేదు, దానికి కంపెనీ నుంచే రాక్ స్టీరింగ్.