వైఫై కలవట్లేదా? ఎక్కడ ఆగిందో ముందు చూడండి

మా ఇంట్లో ఎవరైనా "నెట్ రావట్లేదు" అని కేకేస్తే నేను ముందు అడిగేది ఒకటే: వైఫై కలిసిందా లేదా? చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. వైఫై మీ ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య సంగతి. ఇంటర్నెట్ రౌటర్ అవతల మొదలవుతుంది. బయట కేబుల్ తెగినా ఫోన్‌లో వైఫై గీతలు నిండుగానే ఉంటాయి, ప్రింటర్ నుంచి కాగితాలూ వస్తూనే ఉంటాయి.

రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు చాటుకుంటుంది. ఆ పేరే ఫోన్‌లో కనిపించకపోతే దూరమైనా ఎక్కువై ఉండాలి, బ్యాండైనా (వైఫై నడిచే రేడియో తరంగాల శ్రేణి) తేడా అయి ఉండాలి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 నెమ్మది, అయినా దూరం పోతుంది. స్మార్ట్ ప్లగ్గులు, పాత ప్రింటర్లలో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. రౌటర్‌లో దాన్ని ఆపేసి ఉంటే అవి ఎన్నటికీ కలవవు.

పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఆ నెట్‌వర్క్‌ను ఫోన్‌లోంచి తీసేసి, పాస్‌వర్డ్ మళ్లీ మొదటినుంచి కొట్టండి. పాత పరికరమైతే రౌటర్ సెట్టింగ్స్‌లో వైఫై భద్రతా పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టారేమో చూసి, దాని ముందుదైన డబ్ల్యూపీఏ2 కూడా కలిసి ఉన్న ఆప్షన్‌కు మార్చండి. పరికరం పాతది కదా అని ఇంకా పాత పద్ధతైన డబ్ల్యూఈపీకి మాత్రం దిగొద్దు, దాన్ని ఛేదించడం నిమిషాల పని.

పాస్‌వర్డ్ కుదిరాక రౌటర్ ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ పరికరాన్ని గుర్తించే అంకె) ఇవ్వాలి, 192.168.1.14 లాంటిది. విండోస్ లాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అంకె కనిపిస్తే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. రౌటర్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయండి. అడ్రస్ సరిగ్గానే ఉండి వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, అప్పుడు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకు ఫోన్ చేయండి. అంతకుముందు చేస్తే వాళ్లూ రౌటర్ ఆపి వేయమనే అంటారు.

నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నది పేరు, పాస్‌వర్డ్, అడ్రస్ ఈ మూడింట్లో దేనివల్లా కాదు. ప్రింటర్ తెరమీద వైఫై కలిసినట్టే ఉంది, లాప్‌టాప్‌కు మాత్రం అది కనిపించదు. డ్రైవర్ తీసి వేశాను, కేబుళ్లు పీకాను, ప్రింటర్‌ను తిట్టాను. తీరా చూస్తే దాన్ని నేనే గెస్ట్ నెట్‌వర్క్‌లో కలిపాను! గెస్ట్‌లో ఉన్నవాటికి ఇంటర్నెట్ అందుతుంది కానీ ఇంట్లోని మిగతా పరికరాలు కనబడవు. దాని పనే అది. అందుకే ఇప్పుడు వచ్చిపోయేవాళ్ల ఫోన్లు గెస్ట్‌లో, ప్రింటర్ మాత్రం నా లాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లో.

కలుస్తుంది కానీ నత్తనడక అంటే, రౌటర్ ఎక్కడ పెట్టారో చూడండి. ఇనుప బీరువా వెనకా, చేపల తొట్టి పక్కనా వద్దు. లోహం, నీళ్లు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో ఉంచండి. మైక్రోవేవ్ తిరిగినప్పుడే తెగుతుంటే 5కు మారండి, ఆ పొయ్యి పనిచేసేది 2.4 దగ్గరే. చుట్టుపక్కల రౌటర్లు ఎక్కువుంటే 2.4లో 1, 6, 11 ఛానళ్లలో (ఛానల్ అంటే బ్యాండ్‌లో ఒక ముక్క) ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. 3, 4 లాంటివి పెడితే రెండు వైపులవాళ్లతోనూ గొడవే.

టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని వాటికి వీలైతే వైరే లాగండి. గాలిలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. ఆ రెండూ పక్కకు తప్పుకుంటే ఫోన్లకు వంతు త్వరగా వస్తుంది.