సేల్స్‌ఫోర్స్ క్లాసిక్ నుంచి లైట్నింగ్‌కు: సంస్థను ఎలా సిద్ధం చేయాలి

అమ్మకాలు, కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్ సేల్స్‌ఫోర్స్‌కు లైట్నింగ్ ఎక్స్‌పీరియన్స్ అనే కొత్త ఇంటర్‌ఫేస్ 2015లో వచ్చింది. అయినా పాత ఇంటర్‌ఫేస్ అయిన క్లాసిక్‌లోనే పని నడుపుకుంటున్న సంస్థలు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా, యూరప్ క్లయింట్ల ఆర్గ్‌లు (ఒక్కో సంస్థకు ఉండే సేల్స్‌ఫోర్స్ ఖాతాలు) చూసుకునే అడ్మిన్‌లకు ఈ మార్పిడి పని ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. రెండు ఇంటర్‌ఫేస్‌ల కిందా ఉన్న డేటా ఒకటే కాబట్టి ఎక్కించేదీ దించేదీ ఏమీ ఉండదు. అది చూసి తేలిక పనే అనుకుంటారు. కానీ జనం రోజూ నొక్కే బటన్లు మారిపోతాయి, తంటా అంతా అక్కడే.

ముందు సెటప్‌లో లైట్నింగ్ ఎక్స్‌పీరియన్స్ ట్రాన్సిషన్ అసిస్టెంట్ తెరిచి రెడీనెస్ చెక్ నడపండి. మీ ఆర్గ్‌లో ఏ బటన్లు, ఏ విజువల్‌ఫోర్స్ పేజీలు (కోడ్‌తో సొంతంగా రాయించుకున్న పేజీలు), ఏ ఫీచర్లు సరిచూసుకోవాలో రిపోర్టు వస్తుంది. అయితే ఆ బటన్‌ను ఎవరైనా వాడుతున్నారా లేదా అన్నది ఆ రిపోర్టు చెప్పదు. దాన్ని పట్టుకుని సేల్స్, సపోర్ట్, బిల్లింగ్ టీమ్‌ల నుంచి ఒక్కొక్కరి పక్కన గంటసేపు కూర్చోండి. ఏం చేస్తారో అడిగితే సరిపోదు, చేస్తుండగా చూడాలి. ఏళ్ల తరబడి పేరుకున్న బటన్లలో చాలావాటిని ఎవరూ తాకడం లేదని అప్పుడే తెలుస్తుంది. వాటిని తీసేస్తే సగం బరువు దిగినట్టే.

ఎక్కువ సమయం తినేవి జావాస్క్రిప్ట్ బటన్లు, అంటే నొక్కితే బ్రౌజర్‌లో కోడ్ నడిపేవి. లైట్నింగ్‌లో అవి పనిచేయవు. ఎర్రర్ కూడా రాదు, బటనే కనపడదు. అందుకే టెస్టింగ్‌లో ఎవరి కంటా పడకుండా జారిపోయి, తీరా అమల్లోకి వచ్చాక ‘నా బటన్ ఏదీ’ అని టికెట్లు మొదలవుతాయి. ఒక్కో బటన్ చేసే పనిని బట్టి బదులు ఎంచుకోండి. ఫీల్డ్ ఖాళీగా ఉంటే హెచ్చరించే బటన్ అయితే వాలిడేషన్ రూల్ (తప్పుంటే రికార్డు సేవ్ కానివ్వని నియమం) చాలు. కొన్ని విలువలు ముందే నింపి కొత్త రికార్డు తెరిచే బటన్‌కు క్విక్ యాక్షన్ (ఉన్న పేజీలోనే చిన్న ఫారం తెరిచే బటన్) పెట్టి, అందులో ప్రీడిఫైన్డ్ ఫీల్డ్ వాల్యూస్ ఇవ్వండి. ప్రశ్నలడుగుతూ నాలుగు మెట్లు నడిపించేదైతే స్క్రీన్ ఫ్లో. బయటి సర్వీసును పిలిచే బటన్‌కు మాత్రమే డెవలపర్ చేత లైట్నింగ్ వెబ్ కాంపొనెంట్ రాయించండి. అన్నిటికీ కోడ్ రాయించడం డబ్బు దండగ, రేపు దాన్ని చూసుకునేవాళ్లూ కావాలి.

క్లాసిక్ యూఆర్‌ఎల్ చివర ఫీల్డ్ ఐడీలు తగిలించి ఫారం నింపే పాత కిటుకు కూడా లైట్నింగ్‌లో పనిచేయదు. ఆ బటన్లనూ క్విక్ యాక్షన్‌లోకే మార్చండి.

విజువల్‌ఫోర్స్ పేజీలు చాలావరకు నడుస్తాయి, కానీ ఒక ఐఫ్రేమ్ (పేజీలో పొదిగిన మరో పేజీ) లోపల, వేరే డొమైన్ నుంచి. కాబట్టి పేజీలోని స్క్రిప్టు బయటి విండోను తాకబోతే బ్రౌజర్ అడ్డుకుంటుంది. సేవ్ నొక్కాక విండో లొకేషన్ మార్చి వేరే పేజీకి పంపే కోడ్ ఉంటే, అక్కడ ఎస్‌ఫోర్స్ డాట్ వన్ (లైట్నింగ్ అందించే జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్) నావిగేషన్ వాడాలి. క్లాసిక్‌లో ఆ ఆబ్జెక్ట్ ఉండదు గనుక అది ఉందో లేదో చూసి పిలిచేలా రాయించండి, లేదంటే మార్పిడి జరిగే రోజుల్లో క్లాసిక్ వాళ్లకు పేజీ విరిగిపోతుంది.

ఇదంతా శాండ్‌బాక్స్‌లోనే, అంటే ఆర్గ్‌కు తీసిన పరీక్ష కాపీలోనే చేయండి. మొత్తం డేటాతో ఉండే ఫుల్ శాండ్‌బాక్స్‌ను ఒకసారి రిఫ్రెష్ చేస్తే (తాజా కాపీ తీస్తే) మళ్లీ 29 రోజులు ఆగాలి, తేదీలు దానికి తగ్గట్టు వేసుకోండి.

కంప్యూటర్ల సంగతి మరచిపోవద్దు. క్లాసిక్‌లో పేజీని సర్వరే తయారుచేసి పంపేది, లైట్నింగ్‌లో ఆ పనిలో పెద్ద వంతు బ్రౌజర్ మీద పడుతుంది. పాత ల్యాప్‌టాప్ మీద నత్తనడక నడిస్తే జనం సాఫ్ట్‌వేర్‌నే తిడతారు. మీ ఆర్గ్ చిరునామా చివర స్పీడ్‌టెస్ట్ డాట్ జేఎస్‌పీ చేర్చి ఆక్టేన్ స్కోరు (యంత్రం, బ్రౌజర్ వేగాన్ని కొలిచే అంకె) చూడండి. 30,000 దాటితే మంచిది, 20,000 కంటే తగ్గితే ఆ యంత్రం పనికిరాదు. ర్యామ్ 8 జీబీ ఉండాలి. ఆఫీసు ఫైర్‌వాల్‌లో లైట్నింగ్ డాట్ ఫోర్స్ డాట్ కామ్ డొమైన్లకు దారి ఇచ్చారో లేదో నెట్‌వర్క్ వాళ్లతో చూపించుకోండి. రికార్డు పేజీలో అన్నీ ఒకేచోట కుక్కకుండా, తరచూ వాడని రిలేటెడ్ లిస్టులను (ఆ రికార్డుతో ముడిపడిన ఇతర రికార్డుల జాబితాలను) ట్యాబ్‌లలోకి నెట్టండి. నొక్కేదాకా అవి లోడ్ కావు, పేజీ తొందరగా తెరుచుకుంటుంది.

అనుమతుల దగ్గర ఒక గోతి ఉంది. ఒక యూజర్‌కు ఏయే అనుమతులున్నాయో చెప్పేది ప్రొఫైల్. సంస్థ సొంతంగా చేసుకున్న కస్టమ్ ప్రొఫైల్ వాళ్లకు లైట్నింగ్ ఎక్స్‌పీరియన్స్ యూజర్ అనుమతి మీరు ఇస్తేనే వస్తుంది. సేల్స్‌ఫోర్స్‌తోనే వచ్చే స్టాండర్డ్ ప్రొఫైల్‌లో ఉన్నవాళ్లకు అది ముందే ఉంటుంది. ‘పది మందితో పైలట్’ (ముందస్తు ప్రయోగం) అనుకుంటూనే వంద మందికి తలుపు తెరిచేయడం ఇలాగే జరుగుతుంది. పైలట్‌లో లేనివాళ్లను ముందే క్లోన్ చేసిన (కాపీ తీసిన) ప్రొఫైల్‌కు మార్చి, అందులో ఆ అనుమతి తీసేయండి. పైలట్ వాళ్లకు ఆ అనుమతి ఉన్న పర్మిషన్ సెట్ (ప్రొఫైల్‌కు అదనంగా ఇచ్చే అనుమతుల కట్ట) ఇవ్వండి. హుషారైనవాళ్లనే కాకుండా, మార్పంటే విసుక్కునేవాళ్లను ఇద్దరినైనా అందులో చేర్చండి. లోపాలు ముందుగా దొరికేది వాళ్లకే.

క్లాసిక్‌కు తిరిగి వెళ్లే లింకు మొదట్లో ఉంచండి. లైట్నింగ్ యూసేజ్ యాప్‌లో ఎవరెవరు వెనక్కి వెళ్తున్నారో ప్రొఫైల్ వారీగా కనిపిస్తుంది. ఒకే టీమ్ మళ్లీ మళ్లీ వెళ్తుంటే అది బద్ధకం అనుకోవద్దు, అక్కడ ఏదో బటన్ లేదనే అర్థం. వెళ్లి చూసి సరిచేయండి. వెనక్కి వెళ్లడం ఆగిన టీమ్‌కు, ఆ టీమ్‌కు మాత్రమే, పర్మిషన్ సెట్‌తో ఆ లింకు దాచండి. నెలాఖరు, త్రైమాసికం ముగిసే వారాల్లో మాత్రం దాని జోలికి పోకండి. ఆ రోజుల్లో సేల్స్ వాళ్లకు కొత్త తెర నేర్చుకునే తీరిక ఉండదు.